పాత సోలార్ ప్లాంటు ఆర్‌ఈసీలు: ఇప్పుడే అమ్మాలా, మార్చి దాకా ఉంచాలా?

ఒక్క_మెగావాట్
నాన్న పేరు మీద ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు ఉంది. 2013 మార్చిలో మొదలైంది. అప్పట్లో తొమ్మిది కోట్లు అయింది, అందులో ఆరు కోట్ల చిల్లర బ్యాంకు లోను. మిగతాది జిన్నింగ్ మిల్లులో మిగిలిందీ, ఏడెకరాలు అమ్మిందీ. ఒక కన్సల్టెంట్ మా వరండాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ చూపించాడు. కరెంటు డిస్కంకి మూడు రూపాయల లెక్కన. ఆపైన వెయ్యి యూనిట్లకు ఒక ఆర్‌ఈసీ, అదే రెన్యువబుల్ ఎనర్జీ సర్టిఫికెట్. పచ్చ కరెంటు పుట్టించినందుకు ఇచ్చే కాగితం, ఆ కరెంటు కోటా ఉన్నవాళ్లు కొంటారు. కరెంటు ఎక్స్చేంజిలో తక్కువలో తక్కువ 9,300. "ఇది ఫ్లోర్ ప్రైసండీ. ఫ్లోర్ అంటే నేల. నేల కిందికి ఎవరు పోతారు?" అన్నాడు. ఏడాదికి 15 లక్షల పైచిలుకు యూనిట్లు వస్తాయి, అంటే పదిహేను వందల సర్టిఫికెట్లు, దగ్గర దగ్గర కోటీ నలభై లక్షలు. కరెంటు అమ్మితే వచ్చేది నలభై అయిదు లక్షలే. అంటే మేం పెట్టింది కరెంటు ప్లాంటు కాదు, సర్టిఫికెట్ల ప్లాంటు. ఇది అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

9,300 కాస్తా 3,500 అయింది, తర్వాత వెయ్యి అయింది. ఇప్పుడు అసలు ఫ్లోరే లేదు. టౌన్లో సైటు అమ్మి 2022లో లోను తీర్చేశాం, అది వేరే కథ.

ఇప్పటి సంగతి: రిజిస్ట్రీలో అమ్మకుండా 4,200 సర్టిఫికెట్లు ఉన్నాయి. పోయిన ట్రేడింగ్ సెషన్లో ధర 350 దగ్గర తేలింది. ఒక ట్రేడర్ ఫోన్ చేసి మొత్తం 290కి తీసుకుంటానంటున్నాడు, డబ్బు వెంటనే. ఇచ్చేయాలా, మార్చి దాకా ఆగాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. నాన్నని అడిగితే "నువ్వే చూసుకో" అంటున్నారు. పన్నెండేళ్ల కింద ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

తిరగలి
నేల అన్నారు, దాని కింద బోరు వేశారన్నమాట.

కంది_పచ్చడి
సీమలో వెయ్యి అడుగులు వేసినా తడి తగలదు తిరగలి అన్నా. వీళ్లకి సున్నా దాకా తగిలింది.

బ్యాంకుమామ
నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో క్రెడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. 2012, 13లో ఇలాంటి ప్రపోజల్స్ నా టేబుల్ మీదికే వచ్చేవి. అన్నిటిలోనూ ఒకే ఎక్సెల్, పేర్లు మాత్రం వేరు. ఒకదాంట్లో పాత పార్టీ పేరు తీసేయడం కూడా మర్చిపోయారు.

మీ కన్సల్టెంట్ అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. 9,300 అనే కనీస ధర 2012 ఏప్రిల్ నుంచి 2017 మార్చి దాకా అని ఆర్డర్‌లోనే ఉంది. అంటే అయిదేళ్లు. మీ లోను ఎన్నేళ్లకు? పదో, పన్నెండో అయి ఉంటుంది. అయిదేళ్ల మాట మీద పన్నెండేళ్ల అప్పు. మా బ్రాంచిలో నేనొకసారి సర్టిఫికెట్ ఆదాయం తీసేసి లెక్క కట్టి పంపిస్తే, "అలా అయితే ఏ ప్రాజెక్టూ నిలబడదు కదండీ" అని పైనుంచి ఫోన్ వచ్చింది. నేను చెప్పింది కూడా అదే మరి.

ఇంకో సగం ఏమిటంటే, ఫ్లోర్ ధరకే గానీ అమ్మకానికి కాదు. అంతకంటే తక్కువకు అమ్మకూడదు, అంతే. కొనాలని ఎవరి మెడ మీదా కత్తి లేదు.

ఒక్క_మెగావాట్
బ్యాంకుమామ గారూ, లోను పదేళ్లకే. ఆ రెండో సగం మాకు 2013 చివర్లోనే తెలిసింది. నెలాఖరు బుధవారం ట్రేడింగ్. నాన్న మధ్యాహ్నం నుంచే ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేవారు. 130 సర్టిఫికెట్లు పెడితే నాలుగు అమ్ముడయ్యాయని మెసేజ్ వచ్చేది. ఒక నెల మూడు. ఇంట్లో అందరం నవ్వుకున్నాం, నాన్న నవ్వలేదు.

మీటర్_రీడింగ్
ఆ రోజుల్లో దేశమంతా అంతే. పెట్టిన వందలో అయిదు కూడా పోని నెలలున్నాయి. అమ్ముడుపోని సర్టిఫికెట్లు కోటి దాటాయి.

కారణం చెబుతాను, నేను విద్యుత్ శాఖలో పనిచేసినవాణ్నే. 2003 విద్యుత్ చట్టం 86(1)(ఇ) కింద, డిస్కంలు కొనే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక కరెంటు ఉండాలని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్లు నిర్ణయించాలి. దాన్నే ఆర్‌పీఓ అంటారు. ఎండా గాలీ లేని రాష్ట్రం ఏం చేయాలి? రాజస్థాన్‌లోనో తమిళనాడులోనో పుట్టిన పచ్చదనాన్ని కాగితం రూపంలో కొనుక్కోవచ్చు. కరెంటు ఉన్నచోటే ఉంటుంది, దాని పుణ్యం మాత్రం ప్రయాణం చేస్తుంది. 2010లో కేంద్ర కమిషన్ నిబంధనలు పెట్టింది, 2011లో ట్రేడింగ్ మొదలైంది. ఆలోచన మంచిదే. కానీ డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి. కొనలేదు. చాలా రాష్ట్రాల్లో కమిషన్లు ఈ ఏడాది బాకీని వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోనిచ్చాయి. జరిమానా లేనప్పుడు టికెట్ కొనేదెవరు?

ఊకబూడిద
మీటర్_రీడింగ్ గారు పుణ్యం ప్రయాణం చేస్తుందన్నారు. మా పుణ్యం లారీలో వచ్చేది. మాది ఆరు మెగావాట్ల బయోమాస్. సోలార్ వాళ్లకి ఎండ ఉచితం. మాకు రోజుకి రెండు వందల టన్నుల ఊక, సరుగుడు మొద్దు, పత్తికట్టె, కందికట్టె కావాలి. ప్లాంటు పెట్టినప్పుడు మిల్లువాళ్లు ఊక ఎత్తుకుపొమ్మని బతిమాలేవాళ్లు. మేం కొనడం మొదలుపెట్టాక అదే ఊకకి రేటు వచ్చింది. తర్వాత ఇటుక బట్టీలవాళ్లు, మిగతా బాయిలర్లవాళ్లు పోటీకి దిగారు. వానాకాలం లారీలో ఊక ఎంతో నీళ్లు ఎంతో తెలిసేది కాదు. చేయి పెట్టి పిడికిలి బిగిస్తే వేళ్ల మధ్య నుంచి కారేది. దాన్నీ తూకం వేసి డబ్బులిచ్చాం.

సోలార్ కాని సర్టిఫికెట్‌కి అప్పట్లో కనీస ధర 1,500. యూనిట్‌కి రూపాయిన్నర. అది నెలనెలా చేతికి వచ్చుంటే నడిచేది. రాలేదు. ప్లాంటు మూతపడి ఏళ్లయింది. బాయిలర్ తుక్కు కింద అమ్మాం, చిమ్నీ ఇంకా నిలబడే ఉంది. దాని మీద గద్దలు గూడు పెట్టాయి.

2022 నిబంధనల్లో బయోమాస్‌కి ఒక యూనిట్‌ని రెండున్నరగా లెక్కేస్తామన్నారు. పోయినవాడి నోట్లో తులసితీర్థం.

తిరగలి
గద్దలకి ఆర్‌పీఓ ఉందా?

ఊకబూడిద
వాటికి గూడు పర్మిషన్ ఎవరిచ్చారని అడుగుతూ నోటీసు వస్తుందేమోనని చూస్తున్నా.

సిమెంట్_లెక్కలు
అందరూ అమ్మేవాళ్లే మాట్లాడుతున్నారు, కొనేవాడి వైపు నుంచి ఒక మాట. నేను సిమెంటు ఫ్యాక్టరీలో ఎనర్జీ విభాగంలో ఉన్నాను. మాకు సొంత బొగ్గు ప్లాంటు ఉంది. సొంతంగా కాల్చుకునేవాళ్ల మీద కూడా ఈ బాధ్యత వేయడం కుదరదని పరిశ్రమలు కోర్టుల్లో వాదించాయి. 2015 మేలో సుప్రీంకోర్టు కుదురుతుందని చెప్పేసింది, హిందుస్థాన్ జింక్ కేసు. ఆ రోజు మా ఆఫీసులో ఫైళ్ల దుమ్ము దులిపారు.

ఏడాది కోటా లెక్క మార్చితో ముగుస్తుంది కాబట్టి, మార్చి వస్తే పర్చేజ్ వాళ్లకీ మాకూ గొడవే. "కాగితానికి ఇన్ని లక్షలా? గోనె సంచులు కొంటే సంచులైనా మిగులుతాయి" అంటాడు పర్చేజ్ మేనేజర్. గడువు తేదీ చూపిస్తే సంతకం పెడతాడు. కాబట్టి ఒక్క_మెగావాట్ గారూ, మార్చిలో గిరాకీ ఉంటుందన్నది నిజమే. కానీ అది తెలిసినవాళ్లందరూ మార్చి కోసమే దాచుకుని కూర్చుంటారు. ఇప్పుడు సర్టిఫికెట్‌కి గడువు కూడా లేదు, అమ్ముడయ్యేదాకా బతికే ఉంటుంది.

ఇంకోటి, మేమే గుట్ట పక్కన సొంత సోలార్ పెట్టుకున్నాం. తక్కువైతే ఎక్స్చేంజిలో గ్రీన్ డే అహెడ్ మార్కెట్లో, అంటే రేపటి కరెంటుకి ఈరోజే బేరమాడే చోట, నేరుగా పచ్చ కరెంటే కొంటాం, 2021 అక్టోబర్ నుంచి ఆ వీలుంది. సర్టిఫికెట్ ఆఖరి దారి.

కొత్తకుండ
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది, సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు వచ్చింది. నిన్న ఒకతను ఫోన్ చేసి మీ కరెంటుకి గ్రీన్ సర్టిఫికెట్లు వస్తాయి, రిజిస్ట్రేషన్‌కి 8,500 కట్టండి, ఏడాదికి ముప్పై వేల ఆదాయం అన్నాడు. కట్టొచ్చా?

బ్యాంకుమామ
కట్టకండి.

మీటర్_రీడింగ్
అస్సలు కట్టకండి. మూడు కిలోవాట్లకు ఏడాదికి నాలుగు వేల చిల్లర యూనిట్లు వస్తాయి. అంటే నాలుగు సర్టిఫికెట్లు. ఒక్కోటి 350 వేసుకున్నా 1,400. ముప్పై వేలు ఎక్కణ్నుంచి వస్తాయి? పైగా ఇంటి మీది నెట్ మీటర్ కరెంటుని డిస్కం తన ఆర్‌పీఓ ఖాతాలో చూపించుకుంటుంది. ఒక యూనిట్ పచ్చదనాన్ని ఇద్దరికి అమ్మకూడదు.

కంది_పచ్చడి
నాలుగు సర్టిఫికెట్లా? ఇంట్లో పదో తరగతి, ఇంటర్, కులం, ఆదాయం కలిపితే అంతకంటే ఎక్కువే ఉంటాయి.

ఎడిసన్_వాసి
కొత్తకుండ గారి ప్రశ్న చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే మా ఊళ్లో అది నిజంగా జరుగుతుంది. న్యూజెర్సీలో ఇంటి కప్పు మీద పెట్టినా వెయ్యి యూనిట్లకు ఒక సోలార్ సర్టిఫికెట్, ఎస్సార్ఈసీ అంటారు, ఇచ్చేవాళ్లు. నేను 2011లో 8 కిలోవాట్లు పెట్టాను. అప్పుడు ఒక్కోటి 600 డాలర్ల పైనే. ఏడాదికి తొమ్మిది వస్తే చాలు, అయిదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని మా ఆవిడకి లెక్క చెప్పాను. వీధిలో తెలుగువాళ్లందరికీ చెప్పాను, అది ఇంకా పెద్ద తప్పు.

2012లో వంద డాలర్ల లోపుకి పడింది. కారణం సింపుల్. నాలాంటివాళ్లందరూ పెట్టేశారు, కరెంటు కంపెనీలు కొనాల్సిన కోటా మాత్రం అంతే ఉంది. ఆ ఏడాది జులైలో రాష్ట్రం చట్టం మార్చి కోటా ముందుకు జరిపింది. తర్వాత మెల్లగా లేచి రెండు వందల పైకి వచ్చింది. వినాయక చవితి పూజలో పంతులు గారు "ఆయురారోగ్య ఐశ్వర్య" అంటుంటే వెనక నుంచి ఎవరో "ఎస్సార్ఈసీ ప్రాప్తిరస్తు" అన్నారు. నా వైపే చూశారందరూ.

2020లో ఆ పథకం కొత్తవాళ్లకి మూసేశారు. 2021 నుంచి వచ్చిన దాంట్లో ఇళ్లకి మొదట్లో సర్టిఫికెట్‌కి 90 డాలర్లు, పదిహేనేళ్లు అదే. పక్కింటాయన దాంట్లో చేరాడు. నాకు పీక్‌లో వచ్చినంత రాదు, కానీ ఆయన ఏనాడూ ధర చూసుకోలేదు. హాయిగా నిద్రపోతాడు.

స్టాక్‌హోమ్_చలి
ఎడిసన్ గారు చెప్పిందే ఇక్కడ ఒక దేశం మొత్తానికి జరిగింది. స్వీడన్‌లో 2003లో సర్టిఫికెట్లు మొదలయ్యాయి. 2012లో నార్వే కూడా కలిసింది, రెండు దేశాలకి ఒకటే సంత. ఈలోపు గాలిమరలు చౌకయ్యాయి, అనుకున్న లక్ష్యం ముందే దాటేశారు, ఆపేవాడు లేడు. ధర దాదాపు సున్నాకి వచ్చింది. 2021 తర్వాత కట్టిన ప్లాంట్లకి ఇక సర్టిఫికెట్లు లేవు. 2035లో పథకమే ముగుస్తుంది. బ్రిటన్‌లోనూ 2002 నాటి సర్టిఫికెట్ల విధానాన్ని 2017లో కొత్తవాళ్లకి మూసి, ముందే ధర ఒప్పుకునే కాంట్రాక్టులకి మారారు.

ఇదంతా ఫెయిలని నేననను. మరలైతే వచ్చాయి కదా. జనానికి పచ్చ కరెంటు చౌకగా వచ్చింది. పోయింది మొదట పెట్టినవాడి డబ్బు.

ఒక్క_మెగావాట్
ఆ మొదట పెట్టినవాడు మా నాన్న అండీ.

స్టాక్‌హోమ్_చలి
అయ్యో, ఆ అర్థంలో అనలేదు. సారీ.

మీటర్_రీడింగ్
ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. లెక్క చూడండి. 2010-11లో కేంద్ర కమిషన్ కట్టిన సోలార్ రేటు యూనిట్‌కి 17.91. డిస్కంలు సగటున కొనే కరెంటు రెండున్నర, మూడు. ఈ రెంటికీ మధ్య గుంత పూడ్చడానికే సర్టిఫికెట్. అందుకే మొదట్లో కనీసం 12,000, గరిష్ఠం 17,000 పెట్టారు. తర్వాత ప్యానెళ్లు చౌకయ్యాయి, గుంత తగ్గింది, 9,300 అయింది. 2015లో 3,500. 2017 ఏప్రిల్ నుంచి వెయ్యి. ఆ మే నెలలోనే రాజస్థాన్ భడ్లాలో వేలం 2.44కి పడింది. 2020 డిసెంబర్‌లో గుజరాత్‌లో 1.99. ఇక గుంత ఎక్కడుంది? మట్టి పోయమని ఎవరికి చెప్పాలి?

బ్యాంకుమామ
గుంత కొత్త ప్లాంటుకి పూడింది. పాత ప్లాంటు గుంత పాత లోతే. ప్యానెళ్లు 2013లో కొన్న రేటుకే కొన్నారు, వడ్డీ ఆ రేటుకే కట్టారు. ధర కట్టేది ఈ ఏడాది పెట్టేవాడి ఖర్చు చూసి, అప్పు తీర్చాల్సింది పన్నెండేళ్ల కింద పెట్టినవాడు. మీ లెక్క సరైనదే, అది తప్పు మనిషికి తగిలింది.

మీటర్_రీడింగ్
పాతవాళ్లని పూర్తిగా వదిలేయలేదు కదా. 2015కి ముందు రిజిస్టరైన సోలార్ ప్లాంట్లకి ఒక యూనిట్‌కి 2.66 రెట్లు సర్టిఫికెట్లు ఇచ్చారు. 3,500ని 2.66తో గుణించండి, మళ్లీ 9,300 వస్తుంది.

ఒక్క_మెగావాట్
వచ్చాయి. అదే మా కొంప ముంచింది. మీరు ఇంజనీరు గారు కాబట్టి గుణకారం చూశారు. మాకు నెలకి 130 బదులు 340 వచ్చాయి. అమ్ముడుపోయేది మాత్రం అదే వందలో నాలుగైదు. కట్టలు పేరుకుపోయాయి. మార్చి 31, 2017 నాటికి అమ్ముడుపోనివాటి ధర ఏప్రిల్ 1 ఉదయానికి 3,500 నుంచి వెయ్యి. ఏప్రిల్ ఫూల్ అని తమ్ముడు మెసేజ్ పెట్టాడు, నిజంగా జోక్ అనుకున్నాను. మేలో ఆ తగ్గింపు మీద సుప్రీంకోర్టు స్టే, ట్రేడింగ్ ఆగింది, సోలార్‌ది మళ్లీ మొదలైంది 2018 ఏప్రిల్‌లో. ఆ పదకొండు నెలలు వాయిదా కట్టడానికి అమ్మ గాజులు వెళ్లి వచ్చాయి.

మీటర్_రీడింగ్
అది నాకు తట్టలేదు. నిజమే, సంఖ్య పెంచితే సరిపోదు, కొనేవాళ్లు పెరగాలి.

ఊకబూడిద
మళ్లీ 2020 జులై నుంచి 2021 నవంబర్ దాకా పదహారు నెలలు ట్రేడింగే లేదు, కనీస ధర సున్నా చేయడం మీద విద్యుత్ ట్రిబ్యునల్లో కేసు. బజారే మూసేస్తే బేరం ఏముంది.

సిమెంట్_లెక్కలు
కానీ అప్పుడు దాచుకున్నవాళ్లు బాగుపడ్డారు ఊకబూడిద గారూ. తెరిచాక సోలార్ సర్టిఫికెట్ వెయ్యికి బాగా పైన పలికింది. మేం తిట్టుకుంటూ కొన్నాం.

తిరగలి
అంటే అమ్మాలా దాచాలా అన్నదానికి జవాబు: కేసు ఎప్పుడు పడుతుందో చూసి చెప్పాలి.

హైటెక్_బేస్‌మెంట్
నాదో పక్క సందేహం. మా కంపెనీ లాబీలో "మేము 100 శాతం పునరుత్పాదక కరెంటుతో నడుస్తున్నాం" అని బోర్డు పెట్టారు. బేస్‌మెంట్‌లో బండి పెట్టుకునేచోట డీజిల్ జనరేటర్ పొగ నా షర్టుకి అంటుకుంటుంది. అడిగితే సర్టిఫికెట్లు కొన్నాం అన్నారు. ఇది మోసం కాదా?

స్టాక్‌హోమ్_చలి
ఏ ప్లాంటు నుంచి కొన్నారో అడగండి. ముప్పై ఏళ్ల కింద కట్టిన డ్యామ్ నుంచి కాగితం కొంటే కొత్తగా ఒక్క యూనిట్ కూడా పుట్టదు. అలాంటివి చాలా చౌక కూడా.

సిమెంట్_లెక్కలు
అలా కొట్టిపారేయకండి. నిబంధన ప్రకారం ఏడాది మొత్తం లెక్కలో సరిపోతే చాలు, ఆ నిమిషం వైర్లో ఏ కరెంటు ఉందో ఎవరూ చెప్పలేరు. బోర్డు అబద్ధం కాదు.

హైటెక్_బేస్‌మెంట్
అబద్ధం కాకపోవచ్చు. నా షర్టు ఉతికేది మాత్రం నేనే.

మెల్‌బోర్న్_మావయ్య
ఆస్ట్రేలియా పద్ధతి చెప్పనా? ఇక్కడ ఇంటి మీద సోలార్ పెడితే వచ్చే సర్టిఫికెట్లు మామూలుగా మన చేతికి రావు. కొన్నేళ్లలో ఎన్ని యూనిట్లు వస్తాయో ముందే లెక్కగట్టి, పెట్టిన రోజే అన్నీ ఇచ్చేస్తారు. ఎక్కువగా ప్యానెళ్లు బిగించేవాడే వాటిని తీసుకుని బిల్లులో తగ్గిస్తాడు. ధర పడినా లేచినా వాడి తలనొప్పి. ఒక్కోదానికి గరిష్ఠం నలభై డాలర్లు. ఏటా కాస్త తగ్గిస్తూ 2030కి ముగిస్తారు. నేను బిల్లు చూసి "డిస్కౌంట్" అనుకున్నాను, అది సర్టిఫికెట్టని మూడేళ్ల తర్వాత తెలిసింది.

బ్యాంకుమామ
ఇది తెలివైన పని. ఇల్లు కట్టుకునేవాణ్ని సట్టా ఆడమనకూడదు. రిస్కు దాన్ని మోయగలిగినవాడి నెత్తిన పెట్టాలి.

గాలిమర
మామా, ఫిక్స్‌డ్ ధర ఉంటే హాయి అని ఎడిసన్ గారు, మీరు అంటున్నారు. మన దగ్గర ఫిక్స్‌డ్ ధర గతి కూడా చూశాం కదా. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలి, సోలార్ ఒప్పందాల రేట్లు తగ్గించాలని కమిటీ వేసింది. పాతికేళ్ల సంతకాలు అవి. 2022 మార్చిలో హైకోర్టు ఉత్పత్తిదారుల పక్షాన తీర్పిచ్చేదాకా అందరూ టెన్షన్‌లోనే. సర్టిఫికెట్ అయితే బజారు ముంచుతుంది, ఒప్పందమైతే ఎన్నికలు ముంచుతాయి.

బ్యాంకుమామ
ఒప్పుకుంటా. కానీ గాలిమర గారూ, ఒప్పందం పోతే కోర్టుకెళ్లి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. మీరే అన్నారు, హైకోర్టు విన్నది. మార్కెట్ ధర పడిందని కేసు వేస్తే జడ్జి గారు టీ ఇచ్చి పంపిస్తారు.

గాలిమర
టీ కూడా ఇవ్వరు.

మీటర్_రీడింగ్
అసలు ప్రశ్నకి వద్దాం, పాపం ఆయన ఎదురుచూస్తున్నారు. 2024 ఏప్రిల్ నుంచి ఈ బాధ్యత ఇంధన పొదుపు చట్టం కిందికి వచ్చింది, జరిమానా కూడా ఆ చట్టంలోనే ఉంది. 2024-25కి 29.91 శాతం, 2029-30కి 43.33. కాగితం మీద గిరాకీ పెరగాలి. కానీ 2024లో ఇదే సర్టిఫికెట్ నూరు రూపాయల చిల్లరకు దొరికింది, అప్పటికి ఆ కొత్త బాధ్యత మొదలై ఉంది కూడా. కొత్త ప్లాంట్లు రోజూ పుడుతున్నాయి, కోటా మించి కొన్న డిస్కంలకీ సర్టిఫికెట్లు ఇస్తారు. 350 అంటే అక్కణ్నుంచి మూడు రెట్లు. వెయ్యి వస్తుందని మాత్రం ఎవరైనా చెబితే ఫోన్ పెట్టేయండి.

సిమెంట్_లెక్కలు
290కి ట్రేడర్‌కి ఇవ్వకండి. 4,200 మీద అరవై తేడా అంటే రెండున్నర లక్షలు. వాడు అదే బుధవారం ఎక్స్చేంజిలో పెట్టి అమ్ముకుంటాడు. ఇప్పుడు నెలకి రెండు సెషన్లు, రెండో బుధవారం, ఆఖరి బుధవారం. మీరే ఎక్స్చేంజి మెంబర్, అంటే బ్రోకర్, ద్వారా పెట్టండి. అందరికీ ఒకటే ధర పడుతుంది, మీ కనీస రేటు కంటే పైన పడితే అమ్ముడవుతాయి. సగం ఇప్పుడు, సగం ఫిబ్రవరి, మార్చిల్లో. నేను కొనేవాణ్ని, అయినా చెబుతున్నా.

ఊకబూడిద
సగం సగం అనేది భయస్థుడి సలహా. నేనైతే మొత్తం అమ్మేస్తా. 2014లో 1,500కి పోవడం లేదని, వచ్చే ఏడాది పోతాయని దాచుకున్నవాణ్ని. దాచుకున్నది ఎప్పుడూ పెరగలేదు నాకు.

ఒక్క_మెగావాట్
అందరికీ థాంక్స్. ఇంకో విషయం, ఈ నాలుగు వేలల్లో రెండు నెలలవి అసలు లేనే లేవు. కరెంటు గ్రిడ్‌కి ఎక్కింది, గ్రిడ్ నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ రిపోర్టు కూడా ఉంది. మా కన్సల్టెంట్ గడువులోగా దరఖాస్తు పెట్టలేదు. అడిగితే పోర్టల్ పని చేయలేదన్నాడు. స్క్రీన్‌షాట్ ఏదంటే ఫోన్ మార్చానన్నాడు. 260 సర్టిఫికెట్లు గాల్లో కలిసిపోయాయి. ఇప్పుడు నేనే నెలనెలా పెడుతున్నా, పావుగంట పని.

మీటర్_రీడింగ్
ఆ పావుగంట కోసం ఎంత తీసుకునేవాడు?

ఒక్క_మెగావాట్
అడక్కండి.

కంది_పచ్చడి
వరండాలో కుర్చీ వేసి కాఫీ కూడా ఇచ్చి ఉంటారు.

ఒక్క_మెగావాట్
(పదిహేను రోజుల తర్వాత) అప్‌డేట్. బుధవారం 2,100 పెట్టాను, కనీసం 330 అని. 347కి పడింది, అన్నీ పోయాయి. ఫీజులు పోను ఏడు లక్షల చిల్లర. ట్రేడర్ మళ్లీ ఫోన్ చేసి మిగతావి 310 అన్నాడు, అంటే పదిహేను రోజుల్లో ఇరవై పెరిగాను. మిగతా సగం ఫిబ్రవరికి. ఊకబూడిద గారు తిట్టుకోవద్దు.

సాయంత్రం నాన్నకి చెప్పాను. ఆయన ఒకటే అడిగారు, ఇన్వర్టర్ గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెండు నెలలుగా కొట్టుకుంటోంది, ముందు అది మార్పించమన్నారు. రేపు మార్పిస్తాను.

ఊకబూడిద
తిట్టను. ఫ్యాన్ మాత్రం రాగి వైండింగ్‌ది తీసుకోండి.

కొత్తకుండ
ఆ 8,500 అతను మళ్లీ ఫోన్ చేశాడండీ. మీరందరూ చెప్పిన లెక్క చెప్పాను, నాలుగు సర్టిఫికెట్లు, 1,400 అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సార్, 4,500 కట్టండి చాలు" అన్నాడు.